పరిచర్యలో మెలకువ: కోలినెర్జిక్ మందుల వికారములు, జాగ్రత్తలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



కోనసీమలో పెండ్లి యైనను, పేరంటమైనను తాంబూలము లేనిదే సత్కారము పూర్తికాదు. తాంబూలము వేసికొనిన కొంతసేపటికి నోట నీరూరును. అలవాటు లేనివారికి చెమట పట్టును, తల తిరుగును, కడుపులో త్రిప్పినట్లుండును. ఇది వక్క గుణమని పెద్దలు చెప్పుదురు. ఆ గుణమునకు మూలము వక్కలోనుండు అరెకోలిన్ అను పదార్థమని రసాయన శాస్త్రము తెలుపుచున్నది. నేటి ఉపన్యాస విషయమైన కోలినెర్జిక్ మందులకు ఈ అరెకోలిన్ దగ్గరి చుట్టము. కావున ఈ మందుల పేరు క్రొత్తగా తోచినను, వాని గుణము ఈ సభలోని పెద్దలలో చాలమందికి పరిచితమైనదే.

ఈ మందులను గూర్చి పల్లెలోని గ్రంథాలయమున ప్రసంగించుట యెందులకని కొందరికి సందేహము కలుగవచ్చును. పరిచర్య చేయువారనగా ఆసుపత్రిలో తెల్లని దుస్తులు ధరించిన నర్సులు మాత్రమే కారు. మామగారికి వేళకు మాత్ర యిచ్చు కోడలు పరిచారికయే. తల్లికంట చుక్కలు వేయు కుమారుడు పరిచారకుడే. నర్సు ఆసుపత్రిలో ఎనిమిది గంటలు రోగిని కనిపెట్టియుండిన, ఇంటివారు రాత్రింబవళ్లు కనిపెట్టియుందురు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందు మేలు చేయుచున్నదో, కీడు చేయుచున్నదో మొదట కనిపించునది వీరి కన్నులకే. ఆ కన్నులు దేనిని చూడవలయునో తెలియుటకే ఈ ప్రసంగము.

మానవ శరీరమున నరములు కండరములకును, గుండెకును, జీర్ణకోశమునకును, గ్రంథులకును ఆజ్ఞలు పంపుచుండును. ఆ ఆజ్ఞ నరము చివర వరకు విద్యుత్తువలె పోవును. అక్కడినుండి అవయవమును చేరుటకు ఒక రసాయన దూత కావలెను. ఆస్ట్రియాదేశమున గ్రాట్జ్ నగరములో ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు 1921లో ఈ సంగతిని రెండు కప్పగుండెలతో నిరూపించెను. మొదటి గుండెకు పోవు నరమును ప్రేరేపింపగా అది మెల్లగా కొట్టుకొనసాగెను. దాని చుట్టునున్న ద్రవమును తీసి రెండవ గుండెమీద పోయగా, నరము తాకకుండగనే అదియు మెల్లగించెను. ఈ ప్రయోగము తనకు నిద్రలో తోచినదని లోవీయే తరువాత చెప్పుకొనెను. ఆ ద్రవములోని దూతయే ఎసిటైల్ కోలీన్. ఈ పరిశోధనకు లోవీకిని, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించెను.

దూత సందేశమును అందించిన వెంటనే తొలగిపోవలెను. లేనిచో ఒకే ఆజ్ఞ మరల మరల వినిపించుచుండును. ఆ తొలగించు పనికై శరీరమున కోలినెస్టరేజ్ అను ఎంజైము గలదు. కాలువకు లాకు వంటిది ఈ ఎంజైము. లాకు సరిగా పనిచేసినంతవరకు చేనికి కావలసినంత నీరే పారును. లాకు చెడినచో చేను మునుగును. కోలినెర్జిక్ మందులలో కొన్ని దూతవలె తామే పనిచేయును. పైలోకార్పిన్, బెతనికాల్ ఈ తెగవి. మరికొన్ని ఆ ఎంజైమును అణచి, ఉన్న దూతనే ఎక్కువసేపు నిలుపును. నియోస్టిగ్మిన్, పిరిడోస్టిగ్మిన్, డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ ఈ తెగవి.

ఈ రెండవ తెగకు మూలపురుషుడు పశ్చిమ ఆఫ్రికాలోని కలబార్ గింజ. నేరము మోపబడిన వానికి ఆ గింజ రసమును త్రాగించి, బ్రతికినవాడు నిర్దోషి యనియు, చచ్చినవాడు దోషి యనియు అచ్చటివారు నిర్ణయించెడివారు. 1864లో జర్మను రసాయనజ్ఞులు ఆ గింజనుండి ఫైసోస్టిగ్మిన్‌ను వేరుచేసిరి. 1934లో లండనులోని గ్రీనిచ్ ప్రాంతపు ఆసుపత్రిలో మేరీ వాకర్ అను వైద్యురాలు, రెప్పలు వాలిపోయి మ్రింగుటకు కూడ శక్తిలేని మయస్థీనియా రోగికి దీనిని సూదిమందుగా ఇచ్చెను. కొంతసేపటికే రెప్పలు లేచెను, మ్రింగుట సులువాయెను. నేరస్థుని పరీక్షించిన విషమే రోగికి ప్రాణాధారమాయెను. విషమునకును మందునకును నడుమనున్నది మోతాదు మాత్రమేయని ఈ కథ చెప్పుచున్నది.

ఈ మందుల వికారములను కంఠస్థము చేయనక్కరలేదు. దూత ఎక్కువైనచో శరీరమందలి ఊటలన్నియు ఒక్కసారిగా తెరచుకొనునని జ్ఞాపకముంచుకొనిన చాలును. కంట నీరు కారును. నోట చొంగ కారును. చెమట పోయును. మూత్రము ఆపుకొనలేకపోవుదురు. కడుపు మెలిపెట్టి విరేచనములగును. వాంతులగును. ఇవి బయటికి కనిపించునవి. కనిపించనివి రెండు గలవు, ప్రాణాపాయము వానివలననే. ఒకటి, ఊపిరితిత్తులలో కఫము నిండి గొట్టములు బిగిసి పిల్లికూతలు వచ్చుట. రెండు, గుండె నెమ్మదించి స్పృహ తప్పుట. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును. కండరములు చర్మము క్రింద అదరుచుండి, పిమ్మట బలహీనపడును.

కావున వైద్యునికి ముందుగా తెలుపవలసిన సంగతులు కొన్ని కలవు. రోగికి ఉబ్బసము ఉన్నదా? కడుపులో పుండు ఉన్నదా? నాడి సహజముగానే మందమా? మూర్ఛలు వచ్చునా? ప్రేగులలోగాని మూత్రమార్గమునగాని అడ్డు ఉన్నదా? వీనిలో ఏది యున్నను వైద్యుడు మందును మార్చుటయో, మోతాదు తగ్గించుటయో చేయును. అడుగలేదు గనుక చెప్పలేదనుట రోగికి మేలు చేయదు.

ఇక ఒక్కొక్క మందును గూర్చి విచారింతము.

నీటికాసుల వ్యాధికి కంటిలో వేయు చుక్కలలో పైలోకార్పిన్ పాతది. క్రొత్త మందులు వచ్చినందున దీని వాడుక తగ్గినను, అవసరమైనచోట నేటికిని వాడుచున్నారు. చుక్క వేసిన తరువాత కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొలికిని వ్రేలితో ఒకటి రెండు నిమిషములు మృదువుగా నొక్కియుంచవలెను. లేనిచో మందు ముక్కులోనికి జారి, రక్తమున కలిసి, పైన చెప్పిన వికారములను కలిగించును. మొదటి దినములలో కనుబొమ నొప్పి సహజము. కంటిపాప చిన్నదగుటచే చీకటిలో చూపు మందగించును. ఈ మందు వేసికొను వృద్ధుని మునిమాపువేళ కాలువగట్టుమీద ఒంటరిగా నడువనీయరాదు, తాటిదుంగమీదుగా బోదె దాటనీయరాదు. కంటియెదుట మెరుపులు గాని, నల్లని తెరవంటిది గాని కనిపించినచో ఆలస్యము చేయక కంటి వైద్యుని చూడవలెను.

మూత్రము బిగిసినప్పుడు కొందరికి బెతనికాల్ ఇత్తురు. ఇది మూత్రాశయమును ముడుచుకొనునట్లు చేయును. దారి తెరచియున్నప్పుడే ఇది పనికివచ్చును. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి మూసినప్పుడు ఈ మందు ఇచ్చిన అపాయము. ఒకరికి గుణమిచ్చినదని వేరొకరు అదే మాత్రను కొని వాడరాదు. ఇచ్చువేళ భోజనమునకు గంటముందుగాని, రెండు గంటల తరువాతగాని కావలెను. నిండుకడుపున ఇచ్చిన వాంతి యగును.

మతిమరుపు వ్యాధిగ్రస్తులైన వృద్ధులకు డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ ఇచ్చుచున్నారు. ఇవి వ్యాధిని మాన్పవు. కొంతకాలము తెలివిని నిలబెట్టును. మొదటి వారములలో వికారము, విరేచనములు, ఆకలి తగ్గుట కలుగవచ్చును. అందుచే నెలకొకసారి బరువు తూచి వ్రాసియుంచుట మంచిది. డోనెపెజిల్ రాత్రివేళ ఇచ్చుట వాడుక. భయంకరమైన కలలు వచ్చుచున్నచో వైద్యుని అడిగి ఉదయమునకు మార్చవచ్చును. నాడి నిమిషమునకు 60 కంటె తగ్గినను, నిలుచున్నవారు తూలిపడినను తరువాతి మాత్ర ఇచ్చుటకు ముందు వైద్యుని సంప్రదింపవలెను. రక్తపోటుకు వాడు మాత్రలలో కొన్ని స్వయముగనే గుండెను నెమ్మదింపజేయును. ఆ రెండును కలిసినచో నాడి మరింత పడిపోవును. మోకాలినొప్పుల మాత్రలు వీనితో కలిసిన కడుపులో రక్తస్రావము కలుగు ప్రమాదము హెచ్చును.

రివాస్టిగ్మిన్ చర్మముపై అంటించు పట్టీరూపమునను దొరకును. ఇందులో జరుగు పొరపాటు ఒక్కటే, కాని పెద్దది. పాత పట్టీని తీయకుండగనే క్రొత్తది అంటించుట! ఉదయము కోడలొకటి, సాయంత్రము కూతురొకటి అంటించినచో ముసలాయన వీపుమీద రెండు దినముల మందు ఒకేసారి పనిచేయును. పట్టీ అంటించినవారు దానిమీద తేదీ వ్రాయవలెను. పాతది తీసి, మడిచి, పిల్లల చేతికి అందనిచోట పారవేసి, చేతులు కడుగుకొని, క్రొత్తది వేరొకచోట అంటింపవలెను. మూడు దినములకు మించి మానినచో, మరల పూర్వపు మోతాదుతో ప్రారంభింపక వైద్యుని అడుగవలెను.

మరియొక చిత్రమైన పొరపాటు కలదు. ఈ మందు వలన మూత్రము ఆగకపోగా, అది వేరొక వ్యాధియని తలచి, మూత్రమును ఆపు మందును తెచ్చి వేయుదురు. మొదటిది దూతను పెంచును, రెండవది దూతను అడ్డగించును. ఒకే బండికి ముందొక ఎద్దును, వెనుకనొక ఎద్దును కట్టినట్లగును. ఒక వైద్యుని వద్దకు పోవునపుడు మరొక వైద్యుడిచ్చిన మందుల చీటీని కూడ చూపుట ఇందువలననే అవసరము.

మయస్థీనియా గ్రావిస్ అరుదైన వ్యాధి. రెప్పలు వాలుట, ఒకటి రెండుగా కనిపించుట, నమలుట మ్రింగుట కష్టమగుట దీని లక్షణములు. ఉదయము కొంత నయముగానుండి, సాయంకాలమునకు హెచ్చును. దీనికి పిరిడోస్టిగ్మిన్ ముఖ్యమైన మందు. ఇది అరగంట, ముప్పాతిక గంటలో పనిచేయ నారంభించి, మూడు నాలుగు గంటలు నిలుచును. కావున భోజనమునకు అంత ముందుగా ఇచ్చిన, ముద్ద మ్రింగువేళకు గొంతుకు బలము వచ్చును. కడుపులో త్రిప్పినచో మాత్రతో కొద్దిగా పాలుగాని పలహారముగాని ఇచ్చి, పూర్తి భోజనమును తరువాత పెట్టవలెను. వేళ తప్పరాదు. తప్పినచో రెండు మాత్రలు కలిపి ఇయ్యరాదు.

ఈ వ్యాధిలో పరిచర్య చేయువారికి కఠినమైన పరీక్ష ఒకటి గలదు. మందు చాలకపోయినను రోగి బలహీనపడును. మందు ఎక్కువైనను బలహీనపడును. చొంగ కారుట, కడుపునొప్పి, కండరములు అదరుట, కంటిపాప చిన్నదగుట తోడైనచో మందు ఎక్కువైనదని అనుమానింపవచ్చును. కాని ఇంటిలో దీనిని నిర్ణయింప సాధ్యము కాదు, నిర్ణయింప ప్రయత్నింపను కూడదు. నీరసము హెచ్చినదని ప్రేమతో మరియొక మాత్ర వేసినచో, ఆ ప్రేమయే ప్రాణము తీయవచ్చును. మాట ముక్కుతో వచ్చినను, నీరు పొరపోయినను, ఊపిరి పైపైన ఆడినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చివరి మాత్ర ఎన్ని గంటలకు ఇచ్చిరో కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను. ఆ చిన్న కాగితము వైద్యునకు గొప్ప సహాయము. జ్వరమునకు, గాయమునకు సూదిమందు వేయించుకొనునపుడును ఈ రోగము సంగతి చెప్పితీరవలెను. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి వాడుక మందులే వీరి కండరములను మరింత క్రుంగదీయగలవు.

కోనసీమ వరిచేలలో, కొబ్బరిపొత్తుల కుప్పలలో త్రాచుపాము కాటు క్రొత్త కాదు. దాని విషము నరమునకును కండరమునకును నడుమనున్న మార్గమును మూయును. అందువలన మొదట రెప్పలు వాలును, పిమ్మట ఊపిరి ఆగును. ఆసుపత్రిలో పాము విషపు విరుగుడు మందుతోపాటు నియోస్టిగ్మిన్ కూడ ఇచ్చి చూతురు. దానికి ముందుగా అట్రోపిన్ ఇత్తురు. నియోస్టిగ్మిన్ వలన గుండె నెమ్మదింపకుండుటకును, కఫము నిండకుండుటకును ఈ ఏర్పాటు. కట్లపాము కాటుకు నియోస్టిగ్మిన్ అంతగా పనిచేయదు. కావున ఏ పాము కరచినను కాలయాపన లేక ఆసుపత్రికి చేర్చుటయే ఇంటివారి ధర్మము. మందును నిర్ణయించుట వైద్యుని ధర్మము.

ఇంతవరకు చెప్పినది మందును గూర్చి. ఇక చెప్పవలసినది పల్లెకు మరింత దగ్గరిది. ఏ ఎంజైమును పిరిడోస్టిగ్మిన్ కొన్ని గంటలు మాత్రమే అణచునో, ఆ ఎంజైమునే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దీర్ఘకాలము అణచివేయును. పురుగును చంపు విధానమును ఇదే, మనిషిని చంపు విధానమును ఇదే. 1958లో కేరళలో పారాథియాన్ అను పురుగుమందు ఓడలో గోధుమపిండి బస్తాలకు అంటి, ఆ పిండి తినిన నూరుమందికి పైగా మరణించిరి. 1968లో పార్లమెంటు పురుగుమందుల చట్టమును చేయుటకు ఆ ఘోరము ఒక కారణము. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడియందు మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినదని పరీక్షలో తేలెను.

ఆ మోనోక్రోటోఫాస్ కోనసీమ రైతుకు తెలిసిన పేరే. కొబ్బరికి నల్లతల గొంగళిపురుగు, నల్లి సోకినప్పుడు లేతవేరును ఏటవాలుగా కోసి, మందు సంచిని కట్టి, వేరు ద్వారా పట్టించు పద్ధతి యుండెను. అట్లు పట్టించిన చెట్టునుండి 45 దినముల వరకు కాయలు దింపరాదని నియమము. కూరగాయలమీద ఈ మందు వాడరాదని 2005లోనే నిషేధము వచ్చెను. 2023లో దీని 36 శాతపు ద్రవమును కూడ నిలిపివేయుటకు కేంద్రప్రభుత్వ ఉత్తర్వు వెలువడెను. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానమువారు పురుగును తిను మిత్రపురుగులను పెంచి రైతులకు అందించు మార్గమును చూపుచున్నారు. అయినను విషపు సీసాలు పశువులపాకలలో, వంటింటి అటకమీద మిగిలియున్నచో అపాయము మిగిలియున్నట్లే. ఖాళీసీసాలో నూనెగాని, కిరసనాయిలుగాని పోయరాదు. పిచికారీచేసిన బట్టలను విడిగా ఉతుకవలెను. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు.

విషము సోకిన మనిషి కనబడినపుడు చేయవలసినవి కొద్దియే. రోగిని గాలి తగులుచోటికి చేర్చవలెను. తాకువారు చేతికి రబ్బరు తొడుగుగాని, ప్లాస్టిక్ సంచిగాని వేసికొనవలెను. తడిసిన బట్టలు విప్పి, ఒడలును జుట్టును సబ్బునీటితో కడుగవలెను. ఎడమప్రక్కకు ఒత్తిగిలునట్లు పరుండబెట్టవలెను. వాంతి చేయించుటకు ఉప్పునీరు, చింతపండు పులుసు పోయరాదు. మగతలోనున్నవాని నోట పాలైనను పోయరాదు. అవి ఊపిరిగొట్టములోనికి పోవును. సీసాను, దానిమీది చీటీని ఆసుపత్రికి తప్పక తీసికొనిపోవలెను. ఒకప్పుడు రాత్రివేళ పంటు కొరకు రేవులో ఎదురుచూచిన కోనసీమకు నేడు వంతెనలు గలవు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 వాహనము గలదు. ఈ సౌకర్యములుండగా గంటల కాలమును నాటువైద్యముతో పోగొట్టుట తగదు.

ఆసుపత్రిలో అట్రోపిన్ ఇచ్చుచు, ఊపిరితిత్తులలో కఫము తగ్గి నాడి హెచ్చువరకు వైద్యులు కనిపెట్టియుందురు. అట్రోపిన్ ఎక్కువైనను చిక్కే. నోరు పిడచగట్టును, జ్వరము వచ్చును, రోగి కలవరించుచు దుప్పటిని పీకుచుండును. ఇది కనిపించిన వెంటనే నర్సుకు తెలుపవలెను. ప్రాణాపాయము తప్పినదని అందరును సంతోషించు ఒకటి మొదలు నాలుగు దినముల నడుమ, కొందరికి మెడ, ఊపిరి కండరములు హఠాత్తుగా బలహీనపడును. దిండుమీదనుండి తల ఎత్తలేకపోవుట దీని తొలి గుర్తు. అందుచే ఆ దినములలో రోగిని బలవంతముగా ఇంటికి తీసికొనిపోరాదు. ప్రక్కనున్నవారు పూటకొకసారి తల ఎత్తుమని అడిగి చూచుటయు పరిచర్యయే.

అట్రోపిన్ ఉమ్మెత్తయందు ఉన్నదని చదివినవారు, ఉమ్మెత్త కషాయముతో విషము విరుగునని తలంపరాదు. ఏ ఆకులో ఎంత మందున్నదో ఎవరును చెప్పలేరు. ఒక విషముమీద మరొక విషము చేరును. ఆసుపత్రి అట్రోపిన్ చుక్క చుక్కగా కొలిచి ఇచ్చునది. ఆ కొలతయే వైద్యము.

విషము త్రాగినవారిలో అందరును పొరపాటున త్రాగినవారు కారు. అప్పుతోనో, అవమానముతోనో మనసు విరిగి చేతికందిన సీసాను ఎత్తినవారు గలరు. సీసా చేతికి అందకుండ తాళమువేసి యుంచినచో ఆ దుర్ముహూర్తము గడచిపోవుటకు అవకాశము గలదు. బ్రతికి ఇంటికి వచ్చినవానిని దెప్పిపొడువక, ప్రక్కన కూర్చుండి మాటాడువారు నలుగురుండుటయు మందే.

గ్రంథాలయము పుస్తకములు దాచు గది మాత్రమే కాదు. కావలసినవేళ కావలసిన మాట దొరకుచోటు గ్రంథాలయము. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము వాకిట గోడమీద పెద్దయక్షరములతో మూడు మాటలు వ్రాయించినను మేలే: మందు పేరు, మోతాదు, వేళ వ్రాసియుంచుడు, ఊటలు తెరచుకొనిన, నాడి మందగించిన మాత్ర ఆపి వైద్యుని అడుగుడు, విషపుసీసాకు తాళము వేయుడు. చదువురాని అవ్వకు చదువుకొనిన మనుమరాలు ఆ మాటలు చదివి వినిపించిననాడు, పాతికేండ్లుగా ఈ దీపమును ఆరనీయక కాపాడినవారి శ్రమ ఒక ప్రాణమును నిలిపినట్లగును.